చేతికందే చెంబు



మూడేళ్ల పాప మంచినీళ్లు తనే వంచుకుంటానంటుంది. "వద్దమ్మా, ఒలకబోస్తావు" అంటూ మనం చెంబు లాక్కుంటాం. పొద్దున్నే ఇంట్లో ఉండే హడావిడి అలాంటిది. అయినా ఆ పని పాపకు కావాలి.

పిల్లల పనులు పిల్లలనే చేసుకోనివ్వాలన్న విద్యావేత్త మరియా మాంటిస్సోరి 1907లో రోము నగరంలోని శాన్ లోరెంజోలో పేద కార్మికుల బిడ్డలకోసం బడి తెరిచారు. పిల్లల ఎత్తుకు సరిపడే బల్లలు, కుర్చీలు చేయించారు. 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, రెండో ప్రపంచ యుద్ధం ముగిసేదాకా మన దేశంలోనే ఉండి ఎందరో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. ఇప్పుడు ఆవిడ పేరు చెబితే ఖరీదైన బొమ్మలు, పెద్ద ఫీజులు గుర్తొస్తున్నాయి. ఇంట్లో అవేవీ అక్కర్లేదు.

పాప పట్టుకోగల చిన్న చెంబు, గ్లాసు, పక్కనే ఓ పాత గుడ్డ చాలు. ఒకసారి మెల్లగా, మాట్లాడకుండా వంచి చూపించండి. పాప రెండు చేతులా చెంబు పట్టుకుంటుంది, పెదవి బిగిస్తుంది. ధార గ్లాసు అంచుకు తగిలి కాస్త పక్కకు పోతుంది. అప్పుడు మీ చెయ్యి ముందుకు రాకూడదు. కష్టమే, కానీ ఆగండి. గుడ్డ తీసి తనే తుడుస్తుంది. దాహం లేకపోయినా మళ్లీ వంచుతుంది. అలా చేసిందే చేస్తుంటే చేతికి నిలకడ, మనసుకు ఏకాగ్రత వస్తాయి.

పొయ్యి దగ్గరకు, కత్తిపీట దగ్గరకు మాత్రం వెళ్లనివ్వకండి. ఆ హద్దు పెద్దలే గీయాలి.

నీళ్లలాగే బట్టల పనీ తనకే వదలండి. ఈ ఆదివారం బట్టల కొక్కెం ఒకటి మీ పాపకు అందే ఎత్తులో కొట్టించండి. రేపటినుంచి కాస్త ముందుగా లేపి, బొత్తాలు తననే పెట్టుకోనివ్వండి.