గుమ్మము పైని తేనెపట్టు



బరంపురమునకు దక్షిణముగా, బాహుదా నది సముద్రములో కలిసే చోట సోనేపూర్ ఉన్నది. ఆంధ్ర సరిహద్దు అక్కడికి దగ్గరే. అక్కడ సరుకు నిలువచేసే మన శ్రావకులొకరు ఒకనాడు నా వద్దకు వచ్చి ఒక ప్రశ్న వేసినారు. వినడానికి అది చిన్న ప్రశ్న. జవాబు చెప్పబూనినప్పుడు మాత్రము మన గృహస్థధర్మమంతా దానిలోనే ఇమిడియున్నట్లు నాకు తోచినది.

వారిట్లన్నారు: "పండితుల వారూ, మా గోదాము గుమ్మము పైన గోడ సందులో తేనెటీగలు పట్టు పెట్టినవి. హమాలీలు లోపలికి రావడానికి జంకుతున్నారు. మొన్న మా మనుమడిని రెండు ఈగలు కుట్టినవి. మంట పెట్టించమని పొరుగువారు అంటున్నారు. అది నా వల్ల కాదు. మా మేస్త్రీ వేరొక ఉపాయము చెప్పినాడు. రాత్రి ఈగలన్నీ లోపల చేరిన తరువాత సందుకు సిమెంటు పూసివేస్తాడట. ఒక్క ఈగనైనా ఎవరూ కొట్టరు, కాల్చరు. పైగా ఆ పని చేసేది మేస్త్రీయే గాని నేను కాదు. దీనిలో నాకు దోషమున్నదా?"

చూచినారా! ఆయన క్రూరుడు కాడు. చీమకు దారి ఇచ్చి నడిచే మనిషి. నీరు వడగట్టక త్రాగడు. అటువంటి వానికి కూడ మనస్సు ఎట్టి మెత్తని దారి చూపినదో గమనించండి. రక్తము కనబడదు, చప్పుడు వినబడదు, తన చేయి కదలదు. తెల్లవారేసరికి గోడ నున్నగా ఉంటుంది.

అహింసాణువ్రతమునకు పెద్దలు అయిదు అతిచారములు చెప్పినారు. కట్టివేయడము, కొట్టడము, అవయవములు కోయడము, మోయలేని బరువు మోపడము, అన్నపానములు ఆపడము. చివరిదానిని మరల వినండి: అన్నపాన నిరోధము. కొట్లో కట్టిన ఎద్దుకు ఒక పూట గడ్డి ఆపితేనే వ్రతమునకు మచ్చ అన్నారు. గాలి, వెలుతురు, పూలదారి అన్నీ మూసి వేలకొలది ప్రాణులను గోడలో సమాధి చేయడము మచ్చతో పోయేదా? అది సంకల్పించి చేసిన వధయే.

ఇక రెండవ మాట: చేసేది మేస్త్రీ గదా అన్నది. మన శాస్త్రము కర్మను మూడు తెరగులుగా లెక్కకట్టినది. తాను చేసినది కృతము, ఇతరులచేత చేయించినది కారితము, చేయగా చూచి మెచ్చుకొన్నది అనుమోదితము. ఈ మూడింటిని మనోవాక్కాయములతో గుణించి తొమ్మిది విధములన్నారు. ఇది వర్తకులకు నేను విడమరచి చెప్పవలసిన పనిలేదు. దుకాణము పేర గుమాస్తా అప్పు తెచ్చినాడు. వ్రాత గుమాస్తాది, అప్పు ఎవరిది? బాకీదారు వచ్చినప్పుడు "చేవ్రాలు నాది కాదు" అంటే బజారులో మన మాట చెల్లుతుందా? మేస్త్రీకి కూలి ఇచ్చి చేయించిన పని మన ఖాతాలోనే పడుతుంది. తెలియక చేసే ఆ పేదవానిని కూడ పాపములోనికి దింపినవారమవుతాము. అది వడ్డీ.

ఆ ఈగ ఎవరు? పురుగుకు రెండు ఇంద్రియములు, చీమకు మూడు, తుమ్మెదకు నాలుగు, మనుష్యునకు అయిదు అని తత్త్వార్థసూత్రములో ఉన్నది. తేనెటీగ చతురింద్రియ జీవి. స్పర్శ, రుచి, వాసన, చూపు దానికి ఉన్నవి. మనకు దానికి మధ్య ఒక్క మెట్టే. పూలు ఏ దిక్కున ఎంత దూరములో ఉన్నవో అది పట్టు మీద నృత్యము చేసి తోటివారికి తెలుపుతుందని కార్ల్ ఫాన్ ఫ్రిష్ అనే శాస్త్రజ్ఞుడు కనుగొన్నాడు. ఆయనకు 1973లో నోబెల్ బహుమతి లభించినది. పట్టులో తేనె మాత్రమే ఉండదు. గ్రుడ్లు, పిల్లలు ఉంటవి. అది వాటి కొట్టూ అదే, పురిటిల్లూ అదే. అందుకే మద్యమాంసములతోపాటు మధువును కూడ మనకు నిషేధించినారు. తనంతట కారిన తేనెను కూడ, దానిని ఆశ్రయించిన ప్రాణులు నశిస్తవి గనుక, అమృతచంద్రాచార్యులవారు విడువమన్నారు. శ్రావకుడు మానవలసిన పదునైదు వ్యాపారములలో రసవాణిజ్యమొకటి. తేనె వ్యాపారము దానిలోనిదే.

"అయితే పసివాని మాట ఏమిటి? ఈగల కోసము బిడ్డను పోగొట్టుకోమంటారా?" అని తల్లులు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నయే. గృహస్థునకు తగిలే హింసను పెద్దలు నాలుగుగా విడదీసినారు. వంటావార్పులలో కలిగేది ఆరంభి, వృత్తిలో కలిగేది ఉద్యోగి, ఆత్మరక్షణలో కలిగేది విరోధి, బుద్ధిపూర్వకముగా చంపేది సంకల్పి. మొదటి మూడింటిని గృహస్థుడు పూర్తిగా తప్పించుకోలేడు, తగ్గించుకోవలెను. నాలుగవదానిని మాత్రము విడిచితీరవలెను. బిడ్డను కాపాడుకోవడము ధర్మమే. కాని ఇతర మార్గములు వెదకకుండ, ఖర్చుకు వెరచి, తొందరపడి చంపించి, దానికి "ఆత్మరక్షణ" అని పేరు పెట్టినంత మాత్రమున సంకల్పి విరోధి కాదు. సరుకు మారకుండ చీటీ మార్చినట్లే.

కనుక ముందు చేయవలసినది యతన, అనగా జాగ్రత్త. పట్టు లేకుండ ఈగల గుత్తి మాత్రమే కొమ్మకు వేలాడుతుంటే, అది కొత్తయిల్లు వెదకుకొంటూ దారిలో ఆగిన గుంపు. చాలవరకు రెండు మూడు రోజులలో తనంతటనే పోతుంది. ఎత్తయిన సజ్జ కింద ఒకే పెద్ద పట్టు వేలాడుతుంటే అది కొండ తేనెటీగ. దానికి కోపము ఎక్కువ. ఇంటివారు దాని జోలికి పోరాదు. కాని అది కాలమును బట్టి వలసపోయే జాతి. దారి మార్చుకొని, పిల్లలను దూరముగా ఉంచి, ఓపిక పట్టగలిగితే చాలును. గోడ సందులోను, చెట్టు తొర్రలోను పట్టు పెట్టేది వేరొక రకము. దానిని తెలిసినవారు రాణితో సహా ప్రాణముతోనే కొయ్యపెట్టెలోనికి మార్చగలరు. ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ 1962లో పూనాలో తేనెటీగల పరిశోధన శిక్షణ సంస్థను నెలకొల్పినది. ఈ విద్య నేర్చినవారు మన ప్రాంతములలోను దొరుకుతారు.

ఎవరినైనా కుట్టినచో అక్కడినుండి తొలగి, ముల్లును వెంటనే తీసివేయండి. ముఖము, నాలుక వాచినా, ఒళ్లంతా దద్దురులు లేచినా, ఊపిరి ఆడకపోయినా ఇంటివైద్యముతో కాలము గడపక ఆసుపత్రికి కొనిపోవలెను. దయ అనగా బిడ్డ విషయములో ఏమరుపాటు కాదు.

ఒక్క హెచ్చరిక. తేనె తీసేవారు కొందరు "మాకు కూలి వద్దు, తేనె ఇస్తే చాలు" అంటారు. ఉచితమని మురిసిపోకండి. ఆ కూలి మీరు ఇవ్వడము లేదు, ఈగలు ఇస్తున్నవి. వాటి పిల్లల తిండిని మీ బాకీకి జమకట్టినవారవుతారు. పనివానికి పూర్తిగా రొక్కము ఇవ్వండి. ఆ తేనె ఈగలకే వదలుమని చెప్పండి. పూత కాయగా మారడానికి ఈగలు కావలసిన తోటవారు ఉంటారు, వారివద్దకు పెట్టెను చేర్పించండి.

సోనేపూర్ శ్రావకులు అట్లే చేసినారు. మూడు రోజులు ఆ గుమ్మము మూసి, పెద్ద సరుకు ఆపి, పెరటి తలుపునుండి కొద్దికొద్దిగా నడిపించినారు. తెలిసిన మనిషి వచ్చి సాయంసమయమున పట్టును తీసి పెట్టెలో అమర్చి, చీకటి పడి ఈగలన్నీ చేరిన తరువాత జీడిమామిడి తోటకు కొనిపోయినాడు. ఖాళీ అయిన సందును శుభ్రపరచి, అప్పుడు మేస్త్రీ చేత సిమెంటు పూయించినారు. అదే మేస్త్రీ, అదే సిమెంటు. కాని పని వేరు. కొన్ని ఈగలు ఆ మార్పులో చనిపోయినవి. అది దాచలేదు. ఆ రాత్రి ప్రతిక్రమణములో వాటిని తలచుకొన్నారు.

తరువాత నాతో అన్నారు: "మూడు రోజుల బేరము పోయినది, కూలి అయినది. గుమాస్తా ఏ పద్దు కింద వ్రాయమంటారని అడిగినాడు. నష్టము అని వ్రాయమందును గాని నోరు రాలేదు. జీవదయ అని వ్రాయించినాను."

మీరందరు మధుబిందు కథ విన్నవారే. ఏనుగు తరుముతుండగా ఒకడు పాడునూతిలోనికి వేలాడే ఊడను పట్టుకొన్నాడు. కింద పాములు, పైన ఊడను కొరికే ఎలుకలు, చుట్టూ కుట్టే తేనెటీగలు. పట్టునుండి ఒక చుక్క పెదవిపై పడగానే అన్నీ మరచినాడు. ఆ కథలో వానిని చెరచినది ఈగలు కావు, చుక్క. మన గోదాము గుమ్మము వద్ద ఆ చుక్క పేరు మూడు రోజుల బేరము.

ఇది కళింగభూమి. హాథీగుంఫాలో ఖారవేలుని శాసనము అర్హంతులకు, సిద్ధులకు నమస్కారముతో ఆరంభమవుతుంది. ఈ గంజాం జిల్లాలోనే జౌగడ బండపై ప్రాణివధ వలదని అశోకుడు చెక్కించినాడు. ఋషికుల్యా ముఖద్వారమున గ్రుడ్లు పెట్ట వచ్చే సముద్రపు తాబేళ్లను చదువురాని జాలరులు కూడ కాచి పంపుతున్నారు. ఋతువుకు వచ్చిన అతిథిని ఋతువు దాక ఓర్చుకోవడము ఈ నేలకు కొత్త కాదు.

సంవత్సరీ నాడు ఎనుబదినాలుగు లక్షల జీవయోనులను క్షమాపణ వేడుకొంటాము. ఆ లెక్కలో మన గుమ్మము పైని ఈగ కూడ ఉన్నది. ఆనాడు దాని ఎదుట నిలిచి "మిచ్ఛామి దుక్కడం" అనగలిగేటట్లు ఈనాడు నడుచుకొందము.

జై జినేంద్ర.