నీటి తల్లి శాపమా, గాలి బుడగలా?

 



ఒంటికి జబ్బు చేస్తే మనిషి రెండు ప్రశ్నలు వేసుకుంటాడు. "ఎందుకొచ్చింది?" అన్నది ఒకటి. "నాకే ఎందుకొచ్చింది?" అన్నది రెండోది. మొదటిదానికి డాక్టరు దగ్గరికి వెళ్తాం. రెండోదానికి జవాబు వెతుక్కుంటూ పోతే పూజారి గుమ్మమో, భూతవైద్యుడి గుమ్మమో తగులుతుంది. ఈ రెండో ప్రశ్నను పట్టుకోవాలంటే మన ఊళ్ళకు చాలా దూరంలో ఉన్న ఒక సముద్ర తీరానికి వెళ్ళాలి.

మధ్య అమెరికాలో హోండురాస్ అనే దేశం ఉంది. దాని తూర్పు తీరంలో మిస్కీటోలనే ఆదివాసులు ఉంటారు. అక్కడి మగవాళ్ళలో చాలామందికి బతుకుతెరువు లాబ్‌స్టర్ల వేట. వీపుకు గాలి సిలిండర్ కట్టుకుని సముద్రం అడుగుకు దిగి ఆ పెద్ద రొయ్యల్ని పట్టుకొస్తారు. అవి తినేది వాళ్ళు కాదు, పై దేశాలకు ఎగుమతి అవుతాయి. తక్కువ లోతులో సరుకు తరిగేకొద్దీ 30 మీటర్లు దాటి, రోజుకు చాలాసార్లు దిగాల్సి వచ్చింది. పైకొచ్చాక కొందరికి కీళ్ళలో పోట్లు. ఒంటి మీద చీమలు పాకినట్టు తిమ్మిరి. కొందరికి నడుము కింద చచ్చుబడిపోయేది, మూత్రం బిగిసిపోయేది. చూస్తే దెబ్బ లేదు, గాయం లేదు, జ్వరం లేదు. లివా మైరిన్ అనే నీటి తల్లికి కోపం వచ్చిందని వాళ్ళు నమ్మారు. తన సంపదను మితిమీరి తీసినవాణ్ణి ఆమె కొడుతుందట.

నవ్వకండి. మశూచి వస్తే అమ్మవారు పోసిందన్నది మనమే. పక్షవాతం వస్తే గాలి సోకిందని, ఎవరో చెయ్యి చేశారని ఇప్పటికీ అంటున్నాం. అయినా మితిమీరి తీయకూడదన్న ఇంగితం ఆ నమ్మకంలో ఉంది. కాకపోతే మితిమీరి తీయించినవాడు పడవ మీదే ఉన్నాడు. కాళ్ళు పోయింది కిందికి దిగినవాడికి!

అసలు జరిగేది ఏమిటంటే, మనం పీల్చే గాలిలో ముప్పాతికకు పైగా నత్రజని. నీళ్ళలో 10 మీటర్లు దిగితే ఒంటి మీద ఒత్తిడి రెండింతలు, 30 మీటర్లకు నాలుగింతలు. ఆ ఒత్తిడికి నత్రజని నెత్తురులోకి, కండలోకి కరిగిపోతుంది. మెల్లగా పైకొస్తే ఊపిరితో పాటు మెల్లగా బయటికి పోతుంది. గబగబా వస్తే గోలీ సోడా కొట్టినట్టే! ఒంట్లోనే బుడగలు లేస్తాయి. కీలులో లేస్తే పోటు, వెన్నుపాములో లేస్తే పక్షవాతం. రోజంతా మళ్ళీ మళ్ళీ దిగేవాడికి పొద్దున దిగినప్పటి నత్రజని పూర్తిగా పోకముందే దాని మీద మరికొంత చేరుతుంది. ఒంట్లో పేరుకున్నది నిన్నటి జన్మది కాదు, ఇవాళ పొద్దుటిది.

ఈ సంగతి పాల్ బెర్ట్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1878లోనే చెప్పాడు. ఎంత లోతు నుంచి ఎంత మెల్లగా రావాలో హాల్డేన్ 1908లో పట్టికలు వేసి ఇచ్చాడు. అంటే కారణం తెలియక కాదు, మిస్కీటో కూలీకి ఎవరూ సరిగా నేర్పక. 42 మంది డైవర్ల తరఫున వేసిన కేసులో అమెరికా ఖండాల మానవ హక్కుల న్యాయస్థానం 2021 ఆగస్టు 31న హోండురాస్ ప్రభుత్వాన్ని బాధ్యురాలిని చేసింది. కంపెనీలు కూలీల ప్రాణాలతో ఆడుకుంటుంటే అదుపు చేయాల్సింది ప్రభుత్వమేనని చెప్పింది. నీటి తల్లి మీద కేసు వేయలేం కదా!

ఇదే ప్రశ్నను మోలియ సీవకుడనే పరివ్రాజకుడు రాజగృహంలో తథాగతుణ్ణి అడిగాడు. మనిషి పడే సుఖదుఃఖాలన్నీ పూర్వం చేసిన కర్మ వల్లేనని కొందరు అంటున్నారు, మీరేమంటారని. ఆ మాట తప్పన్నాడు బుద్ధుడు. పైత్యం, శ్లేష్మం, వాతం, ఈ మూడూ కలవడం, ఋతువు మారడం, ఒంటిని సరిగా చూసుకోకపోవడం, బయటి దెబ్బ అని వరసగా చెప్పి, కర్మఫలాన్ని ఎనిమిదోదిగా చివర పెట్టాడు. బాబాసాహెబ్ 'బుద్ధుడు, ఆయన ధమ్మం'లో ఇంకా తేటగా చెప్పారు. పేదవాడి దుస్థితికి పూర్వజన్మ కర్మే కారణమంటే సమాజమూ ప్రభుత్వమూ చేతులు దులుపుకోవడానికి దారి దొరుకుతుందని. మ్యాన్‌హోల్‌లో దిగి విషవాయువుకు చనిపోయిన మన బిడ్డల విషయంలో "వాడి రాత" అన్నమాట ఎన్నిసార్లు వినలేదు? ఆ మాట ఎవరికి పనికొచ్చిందో చూడండి.

"సరే, పదిమందీ ఒకే లోతుకు దిగారు, నాకే ఎందుకు?" అంటారు. దానికీ కారణాలున్నాయి. తల్లి గర్భంలో ప్రతి బిడ్డ గుండెలోనూ ఒక చిన్న దారి ఉంటుంది. పుట్టాక మూసుకుంటుంది. నలుగురిలో ఒకరికి అది పూర్తిగా మూసుకోదు. ఊపిరితిత్తుల్లో ఆగాల్సిన బుడగలు ఆ దారిన మెదడు దాకా పోవచ్చు. ఒంట్లో నీరు తగ్గడం, అలసట కూడా కలుస్తాయి. ఒక్క కారణంతో ఏదీ పుట్టదనే కదా పటిచ్చ సముప్పాదం! పరీక్షలన్నీ మామూలుగానే ఉన్నా నొప్పి నిజంగా ఉండవచ్చు, బుడగ ఎప్పుడూ ఫోటోలో పడదు. డాక్టరు "ఇంకా తెలియలేదు" అంటే దాని అర్థం అంతే. "కర్మ" అని కాదు.

మన పిల్లలూ ఇప్పుడు సరదాకి విశాఖలో, అండమాన్‌లో డైవింగ్ చేస్తున్నారు. చేయనివ్వండి. వరసగా డైవ్‌లు చేసినవాళ్ళు కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. పైకొచ్చాక తిమ్మిరి, కీళ్ళ పోటు, తల తిరగడం, ఎన్నడూ లేని నీరసం ఉంటే మళ్ళీ నీళ్ళలోకి దిగకుండా పడుకోబెట్టి ఆక్సిజన్ పెట్టించాలి. ఒత్తిడి గది ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. తాయెత్తుకు, మర్దనకు పోయిన ప్రతి గంటా నరాల మీద పడుతుంది. ఎన్నిసార్లు దిగారు, ఎంత లోతు, ఎన్నింటికి పైకొచ్చారు అన్నది డాక్టరు అడగకపోయినా మీరే ముందు చెప్పండి.