పొరుగువాని బూడిద

వేసవిలో మొక్కజొన్న కోతలైన పిదప కొల్లిపర పొలములలో చొప్పకు నిప్పుపెట్టిరనియు, ఆ మంటనుండి లేచిన నుసి గాలివాటున పోయి కాలువగట్టుననున్న యొక బియ్యపుమిల్లు జింకురేకులమీద పడెననియు, తొలకరివాన కురిసిననాడు అది నల్లని ధారయై చూరునుండి జారి, మురుగుకాలువలో కలిసి, దిగువ రొయ్యల చెరువులవారు తోడుకొను నీటిని చేరెననియు అనుకొందము. నిప్పుపెట్టినది రైతు, నీరు వెడలినది మిల్లు వాకిటినుండి. ఆ దోషమునకు కర్త యెవ్వడు?

కాలిఫోర్నియాలో ఈ ప్రశ్న శాసనరూపమున నెదురైనది. 2018 నవంబరు 8న చెలరేగి పారడైజు పట్టణమును భస్మము చేసిన దావానలమువంటివి చల్లారిన తరువాత, వానలకు బూడిద కర్మాగారముల ముంగిళ్ళ మీదుగా కూడ పారును. అచటి నియమము ప్రకారము, నీరు ఆవరణ దాటుట మొదలైన నాలుగు గంటలలోగా దానిని సీసాకు పట్టవలెను; పిదప పరీక్షించి, ఫలితమెట్టిదైనను ప్రభుత్వమునకు నివేదింపవలెను. నీటిలో తేలియాడు మడ్డి సంవత్సరపు సగటున లీటరుకు 100 మిల్లీగ్రాములు మించినను, పీహెచ్ 6కును 9కిని నడుమ నుండకున్నను సంజాయిషీ తప్పదు. బూడిద నీటిని క్షారము వైపునకు త్రోయును. బూడిదతో అంట్లు తోమిన ప్రతి యిల్లాలి వ్రేళ్ళకును ఆ క్షారపు జారుడు తెలిసినదే. ‘ఇది నా పరిశ్రమలో పుట్టినది కాదు’ అని నిరూపించుకొనుటకు వేరొక ద్వారము కలదు గాని, అది ముందుగా లెక్క చెప్పినవానికే తెరచుకొనును.

భారతమందలి మాండవ్యుని ఆశ్రమములో దొంగలు సొత్తు దాచిరి. భటులు వచ్చి యడిగిన, మౌనవ్రతుడగు ముని పలుకలేదు. రాజు ఆయనను కొఱ్ఱున వేయించెను. పరులు తెచ్చిపడవేసిన పాపమునకు తాను శిక్షననుభవించిన యా మౌనమును మనము తపస్సని కొనియాడుదుము. కొనియాడవచ్చును, ఏలయన బాధ ఆయన మేనిదాటి పోలేదు. మిల్లు యజమాని నోరు మెదపనినాడు కొఱ్ఱు దిగుబడునది దిగువవాని చెరువులో. కావున మునికి శోభించిన మౌనము గృహస్థునకు చెల్లదని నా యభిప్రాయము. చిత్రమేమన, ఆ మాండవ్యుని శాపముచేతనే యముడు విదురుడై పుట్టెను. ద్రౌపదిని సభకీడ్చిననాడు, ధర్మమెరిగియు ప్రశ్నకు బదులీయని సభ్యునకు అసత్యఫలములో సగము చెందునని చెప్పినవాడు ఆ విదురుడే.

మన 1974 నాటి జలకాలుష్య చట్టములోని 31వ సెక్షను ఆ సగమునే పట్టుకొన్నట్లున్నది. ప్రమాదమువలన గాని, ఊహింపని సంఘటనవలన గాని పరిశ్రమ జరుగుచోట విషపదార్థము ఏటిలోనికో బావిలోనికో పోయినను, పోవునట్లున్నను, అచటి బాధ్యుడు తక్షణము తెలుపవలెనని అది విధించుచున్నది. తప్పెవరిదను విచారణ ఆ తరువాతిది.

ఇంతకును ఆ నల్లని ధారయంతయు పొరుగువానిదేయని చెప్పుటయు కష్టమే. పాతబడిన రేకులు తమ జింకును వానకు కొంత అర్పించుచుండును. సీసాలోని నీటిలో బూడిద పాలెంతయో కప్పు పాలెంతయో తెలియదు, విడదీసి చెప్పవలసినవాడు పరీక్షకుడే. అందుచేతనే కాబోలు, తొలివాన పోనిచ్చి రెండవవాన నీరు పట్టుదమని సలహా యిచ్చువారు బయలుదేరుదురు. రెండవవాన నీరు తేటగానే యుండును. నుసి యంతయు తొలివానతోనే చెరువులను చేరియుండును గదా.