అప్పు ఎవరి పేరున ఉంది?

బిడ్డా,

గల్ఫ్ పోయి నాలుగేండ్లు కష్టపడి, తిరిగొచ్చి కరీంనగర్‌లో సొంత వ్యాపారం పెట్టాలనుకోవడం తప్పని నేను అనను. జగిత్యాల, కోరుట్ల, నిర్మల్, ఖానాపూర్ దిక్కు ఎన్నో ఇండ్లు ఆ సంపాదనతోనే లేచినయి. నా మాటల్లా ఒక్కటే: ఆశ ఎంత పెద్దదన్నది తర్వాత చూద్దాం, అది మునిగితే ఎవరు మునుగుతారో ముందు లెక్క చూసుకో. ఈ మాట ఎందుకంటున్నానో హైదరాబాద్ నుంచి వలసపోయి బీరు వ్యాపారి అయిన కరణ్ బిలిమోరియా జీవితం చూస్తే తెలుస్తుంది.

ఆయన 1961లో పార్సీ కుటుంబంలో పుట్టాడు. ఉస్మానియాలో బి.కాం. చదివి లండన్‌లో చార్టర్డ్ అకౌంటెంట్ అయ్యాడు, కేంబ్రిడ్జిలో న్యాయశాస్త్రం చదివాడు. ఆ చదువులు ముగిసేసరికి మీద 20,000 పౌండ్ల అప్పుంది. 1989లో భాగస్వామి అర్జున్ రెడ్డితో కలిసి కోబ్రా బీరు మొదలుపెట్టాడు. బ్రిటన్‌లో దొరికే లాగర్ బీరులో గ్యాసు ఎక్కువ, దాంతో కడుపు ఉబ్బి మన కూరలు తినబుద్ధి కాదు. ఏల్ అనే ఇంకో రకం బీరు తాగుదామంటే అది బరువు. భోజనంతో పాటు సాఫీగా దిగే బీరు కావాలని ఆయన కనిపెట్టాడు. బెంగళూరులో కాయించి, పాత సిట్రోయెన్ కారులో సీసాలు వేసుకుని ఇండియన్ రెస్టారెంట్ల గడప గడపా ఎక్కాడు. ఇక్కడిదాకా నువ్వు కళ్లకద్దుకుని నేర్చుకోవాల్సిందే. తినేవాడి నోటికి ఏం కావాలో తెలుసుకోవడానికి పెట్టుబడి అక్కర్లేదు, ఓపిక కావాలి.

కథ అక్కడితో ఆగలేదు. 2006లో ఆయన బ్రిటన్ ప్రభువుల సభలో సభ్యుడయ్యాడు. కంపెనీ మాత్రం పెరగాలన్న తొందరలో అప్పుల మీద అప్పులు మోసింది. 2009లో దాన్ని ‘ప్రీ-ప్యాక్’ పద్ధతిలో అమ్మారు. అంటే బేరం ముందే కుదిరి ఉంటుంది. దివాలా ప్రక్రియ మొదలవుతూనే పేరు, వ్యాపారం కొత్త కంపెనీకి పోతాయి, బాకీలు పాతదాని దగ్గరే ఉండిపోతాయి. కొత్తదాంట్లో మోల్సన్ కూర్స్ అనే బీరు కంపెనీకి 50.1 శాతం, బిలిమోరియాకు 49.9 శాతం. తాకట్టు లేకుండా నమ్మి సరుకిచ్చినవాళ్ల బాకీలు కొండంత మిగిలినయి. ఇది చట్టం ఒప్పుకున్న దారే. అయినా నమ్మి అరువిచ్చినవాడి నష్టం నష్టమే కదా.

‘ఆ రక్షణ లేకపోతే వ్యాపారానికి ఎవరు సాహసిస్తారు?’ అంటావు. నిజమే. ఆ దారి లేకుంటే బీరు పేరు కూడా మిగిలేది కాదేమో. ‘ఆయన సైన్యంలో జనరల్ కొడుకు, నాతో పోలికేంది?’ అని కూడా అంటావు. నా భయమంతా అక్కడే ఉంది. ఆయన పడితే ఆపడానికి కంపెనీ చట్టం ఉంది, చదువుంది, పరపతి ఉంది. గల్ఫ్ పోవడానికి నువ్వు చేసే అప్పు ఏ కంపెనీ పేరునా ఉండదు. మీ నాయన పట్టా పాస్‌బుక్కు మీద, అమ్మ మెడలో పుస్తెలతాడు మీద ఉంటది. వీసా దొంగదైనా, పనిచ్చినోడు జీతం ఎగ్గొట్టినా మిత్తి నెలనెలా ఎక్కుతనే ఉంటది. ఆ బాకీ పాత కంపెనీలో వదిలి నువ్వు కొత్త పేరుతో లేవలేవు. అందుకే ఆయన ఓపికను తీసుకో, అప్పు చేసే ధైర్యాన్ని మాత్రం అరువు తెచ్చుకోకు.

చట్టం ప్రకారం గల్ఫ్ పంపే రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోదగ్గ రుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. లక్షలు అడిగేవాడి గడప తొక్కకు. ఏజెంటు నంబరు ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూసుకో, ప్రవాసీ భారతీయ బీమా చేయించుకో. పాస్‌బుక్కు మాత్రం మీ నాయన పెట్టెలోనే ఉండనీ.