బల్ల మీద కళింగ

యుద్ధాన్ని ఆటగా ఆడుకోవడం తప్పు కాదా అని నన్ను చాలామంది అడిగారు. ఆ ప్రశ్న నన్నెప్పుడూ పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. 1913లో బొమ్మ సైనికులతో ఆడే యుద్ధానికి ‘లిటిల్ వార్స్’ అని నియమాలు రాసిన హెచ్.జి. వెల్స్, అసలు యుద్ధం కన్నా ఈ బొమ్మల యుద్ధమే ఎంతో మేలని అదే పుస్తకంలో వాదించాడు. నాకది చాలనిపించేది. నన్ను ఇబ్బంది పెట్టింది నేను రాసిన ఒక రూలు.

పాతకాలపు సేనలతో బల్ల మీద ఆడుకోడానికి అచ్చయిన రూల్స్ బోలెడున్నాయి. 1990లో వచ్చిన డీబీఏలో పక్షానికి పన్నెండు దళాలు, గంటలో ఆట తేలిపోతుంది. బాగానే ఉంటుంది. కానీ మనకంటూ ఒక యుద్ధం మనసులో ఉన్నప్పుడు అది వేరేవాళ్ళ కొలతకి కుట్టిన చొక్కా. నా మనసులో ఉన్నది కళింగ. అందుకని సొంతంగా రాసుకోవడం మొదలుపెట్టాను.

కళింగ రాజుకి 60,000 కాల్బలం, 1,000 గుర్రాలు, 700 ఏనుగులు ఉండేవని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. బొమ్మలు అంటించే ఒక్కో అట్టముక్కకి 5,000 మంది అనుకుంటే కాల్బలం పన్నెండు అట్టలు. ఏనుగులకి ఆ లెక్క కుదరదు, వాటికి వేరే పెట్టాను. బెదిరిన ఏనుగు పాచిక ఎటు చెబితే అటు పోతుంది, సొంత మనుషుల మీదికైనా సరే. ఈ రూలు కుదిరిన రాత్రి నాకు సరిగా నిద్రపట్టలేదంటే నవ్వకండి.

చిక్కల్లా ఆట చివర్లో వచ్చింది. శత్రువు వరస విరిగిందంటే చాలు, గెలిచినవాడు కుర్చీలో వెనక్కి వాలిపోయేవాడు. నిజంగా అలా జరిగేది కాదు. ఆ కాలపు యుద్ధాల్లో ఎక్కువమంది చచ్చేది వెన్ను చూపి పారిపోతున్నప్పుడే. అందుకని పారిపోయే దళాన్ని తరిమి పట్టుకుంటే రెండు పాయింట్లు అని రాశాను. ఆటకి ప్రాణం వచ్చింది. “ఇప్పుడు కుదిరిందిరా” అన్నాడు నాతో ఆడే మిత్రుడు.

తర్వాత ఒకసారి కర్నూలు జిల్లా ఎర్రగుడి వెళ్ళాను, బండల మీద అశోకుడి శాసనాలు చూద్దామని. కళింగ గురించి చెప్పే పదమూడో శాసనం అక్కడుంది. (కళింగలోనే ఉన్న ధౌలి, జౌగడల్లో మాత్రం దాన్ని చెక్కించలేదు. ఎందుకో ఊహించుకోవచ్చు.) బ్రాహ్మి లిపి నాకు రాదు, చేతిలో అనువాదం పెట్టుకుని నిలబడ్డాను. లక్షన్నర మందిని తరలించుకుపోయారు, లక్షమంది హతులయ్యారు, అంతకు ఎన్నో రెట్ల మంది చనిపోయారు. పాడు అలవాటు, అక్కడే అట్టల లెక్క కట్టాను. హతులు ఇరవై అట్టలు. తరలించినవాళ్ళు ముప్ఫై. నా బల్ల మీద కళింగ కాల్బలమంతా కలిపి పన్నెండు.

రెండు అంకెలూ ఒకే ఏటివి కావు, రెండూ గుండ్రటి అంకెలే, ఒప్పుకుంటాను. అయినా ఆ శాసనం ఇళ్ళల్లో ఉండే గృహస్థుల బాధ గురించి కూడా విడిగా చెబుతుంది. వాళ్ళకి నా దగ్గర అట్టల్లేవు. నేను రెండు పాయింట్లని పేరుపెట్టింది ఆ ముప్ఫైకే.

మిత్రుడు కొట్టిపారేశాడు. “చదరంగంలో ఏనుగు చస్తే నువ్వెప్పుడైనా ఏడ్చావా?” లేదు. కానీ చదరంగం నిజం చెబుతానని ఎవరికీ మాటివ్వలేదు. నేను ఇచ్చాను. ఏనుగు ఎలా బెదురుతుందో నిజం కావాలని పట్టుబట్టినవాణ్ణి, నా కుతూహలం ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడే నిజాన్నీ ఆపేశాను. పైగా ఆడేవాడు ఏది గెలుపంటే దాని వెనకే పోతాడు. ఏది గెలుపో చెప్పింది నేను.

పాయింట్లు తీసేసి చూశాను. ఎవరూ తరమలేదు. సాయంత్రానికల్లా అందరూ క్షేమంగా ఇళ్ళకెళ్ళే మర్యాదస్తుల యుద్ధం తయారైంది. అది ఇంకా పెద్ద అబద్ధం.

ఇప్పుడున్నది మూడో చిత్తుప్రతి. తరిమితే ఏమీ రాదు, కానీ గెలిచిన గుర్రాలు వాటంతటవే తరుముతాయి. క్రీ.పూ. 217లో రాఫియా దగ్గర మూడో ఆంటియోకస్ అలాగే ఒక పక్క శత్రువుని తరుముతూ పోయి, వెనక మొత్తం యుద్ధాన్నే పోగొట్టుకున్నాడు. ఆపాలంటే సేనాని తన ఆజ్ఞల్లోంచి ఒకటి ఖర్చు పెట్టాలి. ఆజ్ఞలు వంతుకి మూడే.

కిందటి ఆదివారం ఆడాం. మిత్రుడి కుడిపక్క కళింగ వరస విరిగింది. ఎడమపక్క అతని పరిస్థితి ఏం బాలేదు, అక్కడ మూడు ఆజ్ఞలూ కావాలి. కాసేపు రెండు వైపులా చూశాడు. గుర్రాల్ని వదిలేశాడు.

“ఏం చెయ్యమంటావు, రూలు రాసింది నువ్వే” అన్నాడు, తల ఎత్తకుండా పాచికలు అందుకుంటూ.