సొమ్ము చెప్పని సాక్ష్యము

శూద్రకుని మృచ్ఛకటికమున తొమ్మిదవ అంకము న్యాయస్థానమున జరుగును. నగలకొఱకు వసంతసేనను చంపినాడని చారుదత్తునిపై అభియోగము. విచారణ సాగుచుండగనే ఆమె నగలు అతని మిత్రుడైన మైత్రేయుని చంకనుండి సభలో జారిపడినవి. బంగారు బండి చేయించుకొమ్మని వాటిని చారుదత్తుని కుమారునకు వసంతసేనయే ఇచ్చినది. ఆ సంగతి సభకు వెల్లడికాలేదు. న్యాయాధికారి దేశబహిష్కారము చాలుననెను. పాలకరాజు మరణదండన విధించెను. ఆపై మొఱపెట్టుకొనుటకు చోటు లేదు.

సొమ్ము దొరికినది, నిజమే. కాని అది చేతికి ఎట్లు వచ్చెనో సొమ్ము చెప్పలేదు. హత్యయు చౌర్యమును కలిసిన నేరములలో అప్పీలు అడుగవలసిన మొదటి ప్రశ్న ఇదియే.

దొంగతనము జరిగిన కొలదికాలమునకే సొత్తు ఎవనియొద్దనైన దొరికి, అది ఎట్లు వచ్చెనో అతడు చెప్పజాలనిచో, అతడు దొంగయో, తెలిసి దొంగసొత్తు పుచ్చుకొన్నవాడో అని న్యాయస్థానము ఊహింపవచ్చునని 1872 నాటి భారత సాక్ష్య చట్టము తెలిపెను. 2024 జూలై 1న దాని స్థానమున అమలులోనికి వచ్చిన చట్టమును ఈ సూత్రమును నిలుపుకొన్నది. రెండింటను ఉన్నది ‘ఊహింపవచ్చును’ అను మాటయే గాని ‘ఊహింపవలెను’ అని కాదు.

ఆ ఊహ దొంగతనము దాటి హత్యవఱకు పోవచ్చునా? ఆ రెండును ఒకే ఘటనలోని భాగములని ఇతర సాక్ష్యము చూపినచో పోవచ్చును. ఒక మహంతును, అతని సేవకుని చంపి సొత్తు దోచిన కేసు రాజస్థాన్ నుండి సుప్రీంకోర్టుకు వచ్చెను. 1956 నాటి లా రిపోర్టులలో ఆ తీర్పు ప్రకటితమైనది. సొత్తు దొరికినంతమాత్రమున ముద్దాయిలు హంతకులని చెప్పరాదని కోర్టు నిర్ణయించి, హత్యానేరపు శిక్షను తొలగించెను.

మఱి చచ్చినవాని పక్షమున మాటాడువారెవరని బంధువులు అడుగుదురు. ఆ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. వారి దుఃఖము న్యాయము కోరుచున్నది. కాని తగిన రుజువు లేక ఒకని ఉరితీసినచో ఆ దుఃఖమునకు శాంతి కలుగదు; అసలు హంతకుడు వేఱొకడైనచో వానికి అభయము మాత్రము కలుగును. మరణశిక్షను, దోషి అప్పీలు చేయకపోయినను, హైకోర్టు ఖాయపఱచిన పిమ్మటనే అమలు జరుపవలెనను నియమము దయచేత పుట్టినది కాదు. తీర్పు చెప్పువాడును మనుష్యుడేయను ఎఱుకచేత పుట్టినది.

చారుదత్తుడు వధ్యస్థలమున నిలిచియుండగా వసంతసేన సజీవయై వచ్చెను. హత్యయే జరుగలేదు! నాటకమున అతనిని కాపాడినది దైవయోగము. లోకమున చచ్చినవారు తిరిగివచ్చి సాక్ష్యము చెప్పరు. కావుననే మన న్యాయము దైవయోగమునకై ఎదురుచూడక, తన తీర్పును తానే మఱల ప్రశ్నించుకొనవలసియున్నది.