పాత యంత్రమును కొనుటలో ధర్మాధర్మ విచారము

బీరువాలు, ట్రంకు పెట్టెలు, ధాన్యపు డబ్బాలు చేయు రేకు పనిని జీవనాధారముగా చేసికొన్న యువకులు మన జిల్లా పట్టణములలో పెక్కురు కనిపించుచున్నారు. కొన్ని సంవత్సరములు చేతి కత్తెరతోను, బల్లకు బిగించిన పిడి కత్తెరతోను రేకులు కోసి భుజములు అరిగిన పిదప, అట్టివానికి ఒక షీరింగ్ మిషను కొనవలెనను కోరిక పుట్టుట సహజము. కొత్తది కొనుటకు శక్తి చాలదు. ఎక్కడనో మూతపడిన షెడ్డులో పాతది ఉన్నదని తెలియును. వెల కొత్తదానిలో సగము, ఒక్కొక్కచో అంతకంటె తక్కువ. అది అరిగినది. కొనవచ్చునా, కొనరాదా? అతడు మేస్త్రీని అడుగును, మామగారిని అడుగును, బ్యాంకు వారిని అడుగును. అందరును రూపాయల లెక్కలే చెప్పుదురు. ఇందు ధర్మవిచారమునకు చోటెక్కడిదని పాఠకులలో కొందరికి తోచవచ్చును. చోటు కలదనియు, అది రూపాయల లెక్కకంటె ముందు తేల్చుకొనవలసినదనియు నా అభిప్రాయము.

మొదట ఒక అపోహను తొలగింపవలెను. పాత పనిముట్టును వాడుట చిన్నతనమని తలచువారు కలరు. పండ్రెండవ శతాబ్దమున కల్యాణమునందు కూడిన శరణులలో మేదర కేతయ్య వెదురు పని చేసెను, నులియ చందయ్య త్రాళ్లు పేనెను. వారి కత్తి కొత్తదా పాతదా అని ఎవరును అడుగలేదు. కాయకమునకు కావలసినది పని శుద్ధిగా సాగుటయే. కావున పాతది అనుమాత్రమున యంత్రమును నిరాకరించుట ఒక విధమైన డంబము. ఈ డంబమును వర్తకులు బాగుగా ఎరుగుదురు. అరిగిన యంత్రమునకు పచ్చని రంగు పూసి నిలిపినచో వెల పెరుగుట వారికి అనుభవమే. రంగు తడి ఆరని యంత్రమును నేనైతే మరింత అనుమానముతో చూతును.

అయితే "అరుగుదల" అను ఒక్క మాట క్రింద వేర్వేరు సంగతులు దాగియున్నవి. వానిని విడదీయక ధర్మమును గూర్చి మాటాడుట వ్యర్థము. షీరింగ్ మిషనులో క్రింది బ్లేడు కదలక యుండును. పై బ్లేడు కొంచెము వాలుగా దిగి రేకును ఒక కొసనుండి మరియొక కొసకు కత్తెర వలె కోయును. రెండు బ్లేడుల నడుమ సందు రేకు మందములో సుమారు ఇరువదవ వంతు మొదలు పదవ వంతు వరకు ఉండవలెను. బీరువాకు వాడు 20 గేజి రేకు మందము 0.9 మిల్లీమీటరు. అనగా ఆ సందు కాగితపు మందము పాటిది మాత్రమే. బ్లేడు అంచు మొద్దుబారినచో దోషము లేదు. సాన పట్టించవచ్చును. పెక్కు బ్లేడులకు నాలుగు అంచులుండును కనుక త్రిప్పి బిగించినను సరిపోవును. పై బ్లేడు జారు పట్టాలు అరిగి సందు పెరిగినచో రేకు తెగుటకు మారుగా మడిగి లోనికి ఈడ్వబడును. తెగినను అంచున గరుకు నిలుచును. దీనిని కొంతవరకు సరిదిద్దవచ్చును. విద్యుత్తు ఆపి, ఫ్లైవీలును చేతితో త్రిప్పుచు, బ్లేడు పొడవునను ఒక వార్తాపత్రిక కాగితమును కోసి చూచినచో ఏ చోట తెగునో ఏ చోట నలుగునో తెలిసిపోవును. ఇవి సరకును చెరచు అరుగుదలలు. వీని నష్టము కొన్నవానిది. అతడు తెలిసి కొన్నచో అందు అధర్మమేమియు లేదు.

చేతిని చెరచు అరుగుదల మరియొకటి కలదు. మన పట్టణములలో పాతవిగా అమ్మబడు మిషనులలో పెక్కింటికి కీ క్లచ్చులుండును. మోటారు ఫ్లైవీలును ఎడతెగక త్రిప్పుచుండును. పనివాడు కాలితో పెడలును త్రొక్కగానే ఒక ఉక్కు తాళము ఫ్లైవీలును పట్టుకొనును. ఇరుసు ఒక్క పూర్తి చుట్టు తిరుగును. బ్లేడు దిగి, కోసి, పైకి పోవును. పైకి చేరిన క్షణమున తాళము ఊడిపోవలెను. ఒకసారి పట్టుకొన్న పిమ్మట నడుమ ఆపుట ఎవరి తరమును కాదు. ఆ తాళపు అంచు గాని, దానిని తప్పించు మీట గాని, స్ప్రింగు గాని అరిగినచో, కాలు తీసివేసినను బ్లేడు రెండవసారి తనంతట తాను దిగును. ఆ సమయమున పనివాని చేయి ఎచ్చట ఉండును? తెగిన ముక్కను సర్దుచు, తరువాతి గీతను బ్లేడు క్రిందికి జరుపుచు, సరిగా ఉండరాని చోటనే ఉండును. యంత్రము దినమునకు వేయి మార్లు సరిగా ఆగి, ఒక్కమారు ఆగకున్నను చాలును.

1923 నాటి కార్మిక పరిహార చట్టమునకు చేర్చిన పట్టికలో ఒక్కొక్క అవయవమునకు ఒక లెక్క కట్టబడినది. బొటనవ్రేలు పోయిన సంపాదనశక్తిలో నూటికి 30 వంతులు పోయినట్లు, చూపుడు వ్రేలు మొత్తము పోయిన 14 వంతులు, నడిమి వ్రేలికి 12, ఉంగరపు వ్రేలికి గాని చిటికెన వ్రేలికి గాని 7. పరిహారము నిర్ణయించుటకు అట్టి లెక్క అవసరమే, తప్పు పట్టను. కాని ఇష్టలింగమును ఎడమ అరచేత నుంచి కుడిచేత పూజించు కుటుంబములకు అరచేతి విలువను ఆ పట్టిక చెప్పజాలదని వేరుగ చెప్పవలెనా?

చట్టము రక్షించును కదా అనువారికి ఒక సంగతి విన్నవింతును. కదలు భాగములకు కంచె ఉండవలెనని 1948 నాటి కర్మాగారముల చట్టము 21వ విభాగమున విధించెను. అయితే ఆ చట్టము విద్యుత్తు వాడు చోట పదిమంది పనివారున్నప్పుడే సామాన్యముగా వర్తించెడిది. దాని స్థానమున 2020లో పార్లమెంటు ఆమోదించిన నియమావళి ఆ సంఖ్యను ఇరువదికి పెంచెను. మనము చెప్పుకొనుచున్న షెడ్డులో యజమాని గాక ఇద్దరు ముగ్గురుందురు. అక్కడికి తనిఖీ అధికారి రాడు. రానిచోట యజమాని మనస్సే తనిఖీ అధికారి. నాకు ఈ సందర్భమున బసవ బోధలోని అంతరంగ బహిరంగ శుద్ధి అను భావము మిక్కిలి ఆచరణయోగ్యముగా తోచును.

పనివాడు ఒప్పుకొనియే చేయుచున్నాడు గదా అని యజమానులు వాదింతురు. ఇంటిలో పొయ్యి వెలుగవలెనన్న వేరొక చోటు లేనివాడు తల ఊపుట ఒప్పుదల కానేరదు. అంతేకాదు, బేరము జరుగునప్పుడు అతడక్కడ లేడు. అమ్మువాడు తన వెల చెప్పెను, కొనువాడు తన వెల చెప్పెను, వెల తగ్గెను. ఆ తగ్గిన సొమ్ములో కొంత, అరిగిన క్లచ్చు నిమిత్తము తగ్గినది. అనగా అక్కడ లేని మూడవవాని వ్రేళ్లకు వచ్చిన అపాయము తగ్గింపుగా మారి కొనువాని జేబులో చేరెను. దానిని తిరిగి ఆ క్లచ్చుకే ఖర్చు పెట్టినచో లెక్క సరియగును. పెట్టనిచో అది లాభము కాదు, ఒకరి సొత్తు.

ఇక అమ్మువాని సంగతి. తెలిసిన దోషమును చెప్పకుండుట మోసమా? ఈ ప్రశ్నకు 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టము 17వ విభాగమున చిత్రమైన ఉదాహరణలున్నవి. ఒకడు రోగపు గుఱ్ఱమును వేలములో అమ్ముచు రోగమును గూర్చి ఏమియు పలుకడు. అది మోసము కాదు. కొనువారు అప్పుడే యుక్తవయస్సు వచ్చిన తన కూతురైనచో ఆ బంధమును బట్టి చెప్పుట అతని విధి యగును. కొనువాడు "నీవు కాదనకున్నచో గుఱ్ఱము మంచిదని తలతును" అన్నప్పుడు ఊరకున్నచో ఆ మౌనము మాటతో సమానము. దోషమును పూతలు పూసి దాచుట మాత్రము ఎవరి విషయమున చేసినను మోసమే. ఇది సామాన్య వ్యవహారమునకు చాలిన న్యాయమే. అంగడి నడువవలెను గదా! కాని నన్ను ఆలోచింపజేయునది ఆ రెండవ ఉదాహరణ. కూతురికి చెప్పవలెను, పరులకు చెప్పనక్కరలేదు అను గీత ఎక్కడ గీయవలెను? కులమును, వృత్తిని, ఊరిని చూచి పరాయివాడని త్రోసివేయరాదని నేర్చిన వారికి ఆ గీత గీయుట కష్టము. అట్టివాడు సంతలో నిలిచిన ప్రతివానిని కూతురిగనే ఎంచవలసివచ్చును. వ్యాపారమునకు ఇది ఎంత బరువో నేనెరుగుదును. అయినను క్లచ్చు విషయములోనైనను, చట్రపు పగులు విషయములోనైనను ఈ బరువు మోయక తప్పదు. బ్లేడు మొద్దుతనమును కొనువాడు తానే చూచుకొనగలడు. తాళము ఎప్పుడో ఒకసారి తప్పునను సంగతి దానితో పదేండ్లు పనిచేసినవానికి తప్ప మరియొకరికి తెలియదు.

కొనువాడును ఎల్లప్పుడు అమాయకుడు కాడు. భర్త గతించిన పిమ్మట షెడ్డును ఖాళీ చేయించు తల్లికి ఆ యంత్రము ఒక ఇనుప దిమ్మ. దాని వెల తూకమున చెప్పును. కొనువాడు రెండు చూపులలోనే దాని అసలు విలువను గ్రహించి, పగులు లేనిచోట పగులున్నట్లు పెదవి విరుచును. చట్టము ఇతని పెదవి విరుపును పట్టుకొనజాలదు. అమ్మువాని మౌనమును నిందించు మనము దీనిని "బేరము తెలిసినవాడు" అని మెచ్చుకొందుము! అజ్ఞానము ఏ వైపున ఉన్నను దానిపై లాభము తీయుట ఒక్కటే.

అవసరమునకు మించి కొనుటను గూర్చియు ఒక మాట. ఆయ్దక్కి మారయ్య కల్యాణమున నేలరాలిన బియ్యపు గింజలను ఏరుట కాయకముగా గలవాడు. ఒకనాడు ఎక్కువ తెచ్చినప్పుడు భార్య లక్కమ్మ ఆ మిగులును తిరిగి విడిచి రమ్మనిన కథ మన ఇండ్లలో పిల్లలకును తెలియును. 20 గేజి రేకు పనివానికి మూడు మిల్లీమీటర్ల రేకును కోయు ఎనిమిదడుగుల యంత్రమేల? "ముందుకు పనికివచ్చును" అను మాట అప్పునకు తలుపు తీయును. నాలుగడుగుల చిన్న యంత్రము, లేదా మంచి స్థితిలోని కాలి కత్తెర యంత్రము అతని పనికి చాలవచ్చును. కాలితో త్రొక్కు దానికి మోటారు లేదు, తనంతట దిగదు. అయితే ఈ కథను పిసినారితనమునకు ఊతగా వాడువారిని చూచితిని. లక్కమ్మ వదలుమన్నది తమ మిగులును. పనివాని రక్షణకు పెట్టవలసిన దానిని వదలుమనలేదు.

అప్పు సంగతిని దీర్ఘముగా వ్రాయను. 2015లో మొదలైన ముద్రా పథకము వంటివి చిన్న పనివారికి హామీ లేని అప్పు ఇచ్చుచున్నవి. కొత్త యంత్రమునకు అప్పు తీసి, వాయిదాలకై రాత్రి పగలు పనివారిని నడిపించుట కంటె, పాతదానిని కొని బాగుచేయించుట మేలైన సందర్భములును కలవు. కునుకు పట్టిన పనివాని చేతికి కొత్త యంత్రము సైతము క్షేమము కాదు.

"నేను కొనకున్న మరియొకడు కొనును. వాడు క్లచ్చును బాగుచేయడు. నా విరక్తి వలన ఎవరికి మేలు?" అని తెలివిగల యువకుడు అడుగవచ్చును. ఈ ప్రశ్న బలమైనదని ఒప్పుకొందును. ఈ కారణముననే నేను కొనవద్దని చెప్పుటలేదు. చట్రము నిక్కముగా ఉన్నచో కొనుము. క్రొత్త తాళము, స్ప్రింగు, మీట వేయించుము. ఇరుసు బ్రేకు పట్టీ మార్పించుము. ముందు ఒక కంచెను నిలుపుము. దాని సందున రేకు దూరవలెను, వ్రేలు దూరరాదు. రేకు లేకుండ నూరుమార్లు త్రొక్కి చూడుము. ఇవన్నియు అయిన పిమ్మటనే మొదటి రేకును పెట్టుము. ఈ ఖర్చును కొనుగోలు వెలలో ముందే కలిపి చూచుకొనుము. కలిపినప్పుడు నీ శక్తికి మించినచో, ఆ యంత్రము నీకు చవుక కాలేదన్నమాట, విడిచిపెట్టుము. "ముందు పని మొదలుపెట్టి, డబ్బు వచ్చిన పిదప బాగుచేయింతును" అను ఏర్పాటును మాత్రము నేను ఒప్పను. ఆ నడిమి నెలలలో బ్లేడు క్రింద ఎవరి చేయి ఉండవలెనో ఆ యువకుడే చెప్పవలెను. తన చేయియే అన్నచో, ఇంటిలో అతని చేతిపై ఆధారపడినవారిని కూడ అడిగి చెప్పవలెను.

పోత ఇనుప చట్రము పగిలినదైనచో వేరు మాట. పోత ఇనుమునకు వెల్డింగు అంత నమ్మకముగా నిలువదు. దినమునకు వందల దెబ్బలు తిను చోట అతుకు ఎప్పుడు విడుననునది ఎవరును చెప్పలేరు. అట్టిదానిని ఎంత తక్కువకు వచ్చినను కొనరాదు. తన యంత్రమే ఆ స్థితికి వచ్చినప్పుడు దానిని యంత్రమను పేర అమ్మరాదు. మోటారును, ఫ్లైవీలును, బ్లేడులను ఊడదీసి వేరుగా అమ్ముకొనవచ్చును. చట్రమును మాత్రము తన కన్నుల ఎదుట రెండు ముక్కలు చేయించి, పాత ఇనుము తూకమునకు వేయవలెను. వెలలో వచ్చు తేడా పెద్దదే. పిల్లల చదువు రుసుమంత ఉండవచ్చును. ముక్కలు చేయకుండ తూకమునకు ఇచ్చినచో, నాలుగు నెలలలో అదే చట్రము పచ్చని రంగుతో మరియొక షెడ్డులో నిలుచును.